యంత్రమా, అవుట్‌సోర్సింగా: ఏది మేలు?

జీతాల ఖర్చు తగ్గించాలనుకున్న కంపెనీ ముందు సాధారణంగా రెండు దారులుంటాయి. పనిని యంత్రానికి అప్పగించడం ఒకటి, జీతాలు తక్కువున్న దేశానికి పంపేయడం, అంటే అవుట్‌సోర్సింగ్, రెండోది. ఉద్యోగం పోయిన మనిషికి రెండూ ఒకటే. అతను బతుకుతున్న ఊరికి మాత్రం కాదు.

కంపెనీ వైపు లెక్క తేలికే. యంత్రానికి ముందే పెట్టుబడి పెట్టాలి, ఆర్డర్లు పడిపోయినా అప్పు వాయిదాలు ఆగవు. అవుట్‌సోర్సింగ్‌కి కాంట్రాక్టు చాలు. అందుకే తొందరలో ఉన్న యాజమాన్యం అటే మొగ్గుతుంది.

నన్ను ఆలోచింపజేసేది ఆ జీతం ఎక్కడికి పోతుందన్నది. పని బయటికి వెళితే అక్కడ ఇంకో కుటుంబం దానితో నిలబడుతుంది, అది చిన్న విషయం కాదు. కానీ ఇక్కడ జీతంతో పాటు విడిభాగాలు చేసే చిన్న యూనిట్లు, పని నేర్పే సీనియర్లు కూడా కనుమరుగవుతారు. అమెరికాలో ఫ్యాక్టరీ ఉద్యోగాలు 2000లో సుమారు 1.7 కోట్లు ఉంటే 2010 నాటికి 1.15 కోట్లకు పడిపోయాయి. కారణం ఒక్కటే కాదు. అయితే చైనా దిగుమతుల దెబ్బ గట్టిగా తగిలిన ప్రాంతాల్లో నిరుద్యోగం పెరిగిందని, జీతాలు తగ్గాయని ఆర్థికవేత్త డేవిడ్ ఆటర్ బృందం 2013లో చూపించింది.

యంత్రం కూడా తక్కువ దెబ్బ కొట్టలేదు. అమెరికాలో వెయ్యి మంది కార్మికులకు ఒక రోబో పెరిగితే జీతాలు 0.42 శాతం తగ్గాయని ఆర్థికవేత్తలు డారన్ ఆసిమొగ్లు, పాస్కల్ రెస్ట్రెపో 2020లో లెక్కగట్టారు. కానీ ఏటీఎంల సంగతి చూడండి. అక్కడి నగరాల్లో 1988, 2004 మధ్య ఒక్కో బ్యాంకు బ్రాంచికి క్యాషియర్లు సుమారు 20 నుంచి 13కి తగ్గారు. బ్రాంచి నడపడం చవకై, బ్యాంకులు కొత్త బ్రాంచీలు ఎన్నో తెరిచాయి. ఆ ఏళ్లలో మొత్తం క్యాషియర్ల సంఖ్య కుప్పకూలలేదు.

కాబట్టి పనిని నిజంగా చవక చేసి, గిరాకీ పెంచే యంత్రమైతే అవుట్‌సోర్సింగ్ కన్నా అదే మేలంటాను. సూపర్ మార్కెట్లలో సామాను స్కాన్ చేసే పనిని కొనేవాళ్ల నెత్తిన పెట్టే మెషీన్లు అలాంటివి కావు. అక్కడ జీతం మిగులుతుంది, ఉత్పత్తి పెద్దగా పెరగదు. అంతకన్నా అవుట్‌సోర్సింగే నయం, కనీసం ఇంకో మనిషికైనా పని దొరుకుతుంది.

ఇంకో తేడా ఉంది. పని విదేశాలకు పోయినవాళ్లకి శిక్షణ, భృతి ఇచ్చే పథకం అమెరికాలో 1962లో మొదలైంది. యంత్రం వల్ల పని పోయినవాళ్లు దాని కిందకు రాలేదు. 2022 నుంచి అందులో కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆగిపోయింది. యంత్రమే మేలు అంటున్న నేను, దాన్ని తెచ్చే కంపెనీయే పాతవాళ్ల శిక్షణ ఖర్చు ముందుగా భరించాలని కూడా అంటాను.