మూడు లాంతర్ల దగ్గరి సాయంత్రం బ్యాచ్: ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోసమైతే తప్పకుండా చేరండి

విజయనగరంలో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే తెలుగు మీడియం వాళ్ల కోసం రాస్తున్నాను. మాది రాజాం వైపు. ఇంతకుముందు చేరిన చోట బిట్లు బట్టీ పట్టించారు. యూనిఫిల్ (ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళం) ఎక్కడ? లెబనాన్. ఎప్పుడు? 1978. అంతే, తర్వాతి బిట్టు.

ఇక్కడ సార్ బోర్డు మీద "2006 జూలై 31" అని రాసి, సాయంత్రమంతా ఆ తేదీ మీదే చెప్పారు. ఇజ్రాయెల్‌కీ, లెబనాన్‌లోని సాయుధ సంస్థ హిజ్బుల్లాకీ యుద్ధం జూలై 12న మొదలైంది. 25న దక్షిణ లెబనాన్‌లోని ఖియామ్‌లో ఐక్యరాజ్య సమితి పోస్టు మీద ఇజ్రాయెల్ బాంబు పడి నలుగురు పరిశీలకులు చనిపోయారు. యూనిఫిల్ దళం గడువేమో నెలాఖరుతో సరి. అంతకుముందు ఆర్నెల్లు పొడిగించిన భద్రతా మండలి, ఈసారి 1697వ తీర్మానంతో ఒక్క నెలే ఇచ్చింది. ఎందుకలా? ముందు మా చేతే చెప్పించి, తర్వాత సార్ విప్పి చెప్పారు. యుద్ధం మధ్యలో దళాన్ని రప్పించేస్తే అక్కడ ఏం జరుగుతోందో చూసేవాళ్లుండరు. పాత పనే ఇంకో ఆర్నెల్లు చేయమంటే, ఎలాంటి దళం కావాలన్న చర్చ వెనక్కి పోతుంది. ఆ నెల తీరకముందే, ఆగస్టు 11న 1701వ తీర్మానం వచ్చింది. రెండు వేల దగ్గరున్న దళాన్ని 15,000 దాకా పెంచుకోవచ్చంది.

మా పెద్దనాన్న కొడుకు అక్కడ ఇండియన్ బెటాలియన్‌లో చేసొచ్చాడు. మనవాళ్లు 1998 నుంచీ ఉన్నారు. అన్నయ్య అక్కడ ఎన్నాళ్లుండాలో ఆర్మీ చెబుతుంది గానీ, అసలు ఆ దళం ఉండాలా వద్దా అని చేతులెత్తి ఓటేసేది ఎవరో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. క్లాసు అయ్యాక అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఇలా ఇంట్లో చెప్పగలిగేలా పాఠం చెప్పే సార్ దొరకడం నాకు చాలా పెద్ద విషయం.

నోట్సు కూడా పాతది కాదు. 2025 ఆగస్టు నాటి 2790వ తీర్మానం ఉంది: ఇదే చివరి పొడిగింపు, 2026 డిసెంబర్ 31 దాకా, ఆపైన ఏడాదిలోగా దళం వెనక్కి.

లోటు మ్యాపుల్లో ఉంది. జిరాక్సు బాగా మసకగా ఉండి లితానీ నది ఏదో, బ్లూ లైన్ (లెబనాన్‌కీ ఇజ్రాయెల్‌కీ మధ్య ఐక్యరాజ్య సమితి గుర్తించిన గీత) ఏదో పోల్చుకోలేం. ఆ రెండింటి మధ్య లెబనాన్ సైన్యం, ఈ దళం తప్ప ఇంకెవరూ ఆయుధాలతో ఉండకూడదన్నదే 1701లో ముఖ్యమైన షరతు. అట్లాస్ వెంట తెచ్చుకోండి. క్లాసు వదిలేసరికి రాత్రవుతుంది కాబట్టి ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలు టౌన్లో హాస్టల్ చూసుకుంటే మంచిది.