అంగోరా కుందేలు కొనేముందు దేన్ని నమ్మాలి: బొచ్చునా, ఈతనా, కాగితాన్నా?

అంగోరా అంటే ఒంటి నిండా పొడవాటి ఉన్ని ఉండే కుందేలు జాతి. ఒడిశాలో బరంపురం, రాయగడ, జయపురం, ఎక్కడ అడిగినా అమ్మేవాళ్ల మాట ఒకటే: "పక్కా అంగోరా బాబూ, కళ్లు మూసుకుని తీసుకోండి." కళ్లు మూసుకుంటే మాత్రం ఎక్కువసార్లు ఇంటికొచ్చేది మెడ చుట్టూ జూలుండే లయన్‌హెడ్ అనే వేరే జాతి, లేదా దాని క్రాస్. పిల్లగా ఉన్నప్పుడు రెండూ దూది ఉండల్లాగే ఉంటాయి, అక్కడే మోసపోతాం. కొనేముందు తేల్చుకోవడానికి మన చేతిలో మూడు దారులున్నాయి: ఒళ్లు చూడటం, ఈత చూడటం (అంటే తల్లినీ, ఒకే కాన్పులో పుట్టిన తోబుట్టువుల్నీ చూడటం), పెడిగ్రీ కాగితం, అంటే వంశావళి పత్రం అడగటం. మూడూ ఒకే బరువున్నవి కావు.

ముందు ఒళ్లు. చాలామంది ముఖం చూసి ఆగిపోతారు, ముఖం నిండా బొచ్చుంటే అసలు, లేకపోతే నకిలీ అని తేల్చేస్తారు. ఇది తప్పు. ఇంగ్లీష్ అంగోరాకి నుదుటి మీద, చెంపల మీద, చెవుల మీద కుచ్చులుంటాయి గానీ ఫ్రెంచ్ అంగోరా ముఖం మామూలు కుందేలు ముఖంలాగే నున్నగా ఉంటుంది, అయినా అది స్వచ్ఛమైన జాతే. చూడాల్సింది వీపు. అంగోరాకి ఉన్ని ఒంటి నిండా ఉంటుంది, వీపు మీదా, పక్కలకూ, పొట్ట కిందా. లయన్‌హెడ్‌కి మెడ చుట్టూ జూలు, కొన్నిటికి తుంటి పక్కన కాస్త, వీపు మాత్రం పొట్టి వెంట్రుకలే. అది అడిగితే "ఎండలు కదా, కత్తిరించేశాం" అంటారు. అప్పుడు వెంట్రుక కొస చూడండి. కత్తెర పడ్డ ఉన్ని కొసలు మొద్దుగా, ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి, సహజంగా పొట్టిగా ఉండే వెంట్రుక తోక వైపు నున్నగా వాలి ఉంటుంది. పైగా అంగోరా ఉన్ని నెలకి సుమారు 2.5 సెంటీమీటర్లు పెరుగుతుంది కాబట్టి, పోయిన నెల కత్తిరించిందైతే ఇవాళ్టికి ఒళ్లంతా దాదాపు అంగుళం ఉన్ని రావాలి.

చెవులు వేలాడుతుంటే ఇంక బేరమే అక్కర్లేదు, ఏదో లాప్ (వేలాడే చెవుల జాతి) రక్తం కలిసిందని అర్థం, అంగోరా చెవులు నిటారుగా ఉంటాయి. పెద్ద కుందేలు తూకం రెండు కిలోలు కూడా లేకపోయినా అనుమానించండి, అన్నిటికన్నా చిన్నదైన ఇంగ్లీష్ రకమే రెండుంబావు కిలోల పైన తూగుతుంది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు చూపించి ఎక్కువ ధర అడిగితే నవ్వి ఊరుకోండి, మాంసానికి పెంచే న్యూజిలాండ్ వైట్ కూడా అలాగే ఉంటుంది.

ఇదంతా పెద్దవాటికి. మనకి అమ్మేది మాత్రం నెలన్నర, రెండు నెలల పిల్లల్ని, వాటి ఒళ్లు చూసి గట్టిగా చెప్పడం కష్టం. అందుకే నా ఓటు రెండో దారికి.

అంగోరా ఉన్ని అంత పొడవు పెరగడానికి కారణం ఒక్క జన్యువు, అదీ అంతర్గత లక్షణం. అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే పిల్లకి పొడవు ఉన్ని వస్తుంది. అంగోరాని పొట్టి వెంట్రుకల కుందేలుతో కడితే పుట్టినవన్నీ పొట్టి వెంట్రుకలవే. ఆ పిల్లల్ని తమలో తమకే కడితే సగటున నాలుగింట ఒకటి మళ్లీ పొడవు ఉన్నితో పుడుతుంది, మళ్లీ అంగోరాకే కడితే సగం. అలా పుట్టిన ఉన్ని పిల్లని ఏరి, మిగతా పొట్టివాటిని పక్క గూట్లో పెట్టి, దీన్నొక్కదాన్నే మీ ముందు పెడితే మీకు తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ చూపించమనండి. అన్నీ అంటే అన్నీ, అమ్ముడైపోయినవాటి ఫోటోలతో సహా. నెల దాటిన ఈతలో ఒక్క పొట్టి వెంట్రుకల పిల్ల కనిపించినా తల్లిదండ్రుల్లో ఒకటి అంగోరా కాదు. "చూడండి, తల్లి అంగోరాయే కదా" అంటే, మగదాన్ని కూడా తీసుకురమ్మనండి.

దీనికీ ఒక హద్దుంది. ఈతంతా పొడవు ఉన్నితో ఉంటే సందేహం తగ్గుతుందే తప్ప పోదు, ఎందుకంటే రెండు ఉన్ని క్రాసుల్ని కట్టినా పిల్లలన్నీ ఉన్నితోనే పుడతాయి. ఈత "కాదు" అని గట్టిగా చెప్పగలదు, "అవును" అని చెప్పలేదు.

కాగితం పని అక్కడ మొదలవుతుంది. సరైన పెడిగ్రీలో మూడు తరాలుంటాయి, ఒక్కోదానికీ చెవి పచ్చబొట్టు నంబరు, రంగు, బరువు. ఆ నంబరు కుందేలు చెవిలో ఉందో లేదో టార్చి వేసి చూడండి. తేదీలు కూడా చదవండి: కుందేలు చూలు సుమారు 31 రోజులు, ఒకే తల్లికి ఇరవై రోజుల తేడాలో రెండు ఈతలు రాసి ఉంటే అది కాగితమే కాదు. అమ్మేవాడే కంప్యూటర్ సెంటర్‌లో కొట్టించిన ఒక్క తరం షీట్ కంటే కాగితం లేకుండా తల్లినీ తండ్రినీ చూపించేవాడు నయం.

ఇంతకీ మనకి స్వచ్ఛమైనదే కావాలా? ఉన్ని కోసమైతే కావాలి, అప్పుడు చూడాల్సింది జర్మన్ అంగోరా. మన దేశంలో దీని మీద పనిచేసింది హిమాచల్‌లోని కుల్లూ జిల్లా గార్సాలో ఉన్న కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కేంద్రం. అక్కడి చలికి అలవాటైన జంతువు పర్లాకిమిడి మే నెలకి తట్టుకోదు, 30 డిగ్రీలు దాటితేనే కుందేలు రొప్పడం మొదలుపెడుతుంది, ఒంటి నిండా ఉన్ని ఉన్నదాని సంగతి చెప్పక్కర్లేదు. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లోనో సెమిలిగుడలోనో ఉండేవాళ్లు ఆలోచించొచ్చు, అదీ రెండున్నర, మూడు నెలలకోసారి ఉన్ని కత్తిరించే ఓపిక ఉంటేనే. కత్తిరించకపోతే ఉన్ని ఉండలు కడుతుంది, నాకి నాకి కడుపులో చేరితే మేత మానేస్తుంది.

పిల్లలు ఆడుకోవడానికైతే గుణుపురంలో గానీ బరంపురంలో గానీ లయన్‌హెడ్ క్రాసే మేలు. దువ్వే పని తక్కువ. కాకపోతే దాన్ని క్రాస్ అని చెప్పి, క్రాస్ ధరకి అమ్మమనండి.