‘ఎక్సెల్ ఉంది సార్’ అంటే నమ్మి ల్యాప్‌టాప్ కొనకండి, నాలా నోట్‌ప్యాడ్ పాలవుతారు

లెక్కల పని కోసం ల్యాప్‌టాప్ కొనబోతున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. నాకు ఊళ్లో చిన్న పాల కేంద్రం ఉంది, 43 మంది పోస్తారు, పదిహేను రోజులకోసారి బిల్లు. టౌన్‌లో ఒక షాపులో ల్యాప్‌టాప్ తీసుకుంటూ ఎక్సెల్ ఉందా అని రెండుసార్లు అడిగాను, "లైఫ్‌టైమ్ సార్, అన్నీ వేసే ఇస్తాం" అన్నాడు. నెల తిరిగేసరికి ఎక్సెల్ తెరుచుకుంటుంది గానీ ఒక్క అంకె మార్చనివ్వదు, డబ్బు కట్టమంటుంది. అది ట్రయల్ అంట. ల్యాప్‌టాప్ బిల్లు తీసి చూస్తే అందులో ఆఫీస్ (ఎక్సెల్ వచ్చేది ఆ ప్యాకేజీలోనే) అన్న మాటే లేదు.

ఫోన్ చేస్తే ఆ షాపు కుర్రాడిచ్చిన సలహా వినండి. "నోట్‌ప్యాడ్‌లో పేరు, కామా, లీటర్లు, కామా, రేటు అని కొట్టుకుంటూ పోయి సీఎస్‌వీ అని సేవ్ చేయండి, అదే ఎక్సెల్ సార్." సీఎస్‌వీ అంటే కామాలతో గడులు విడదీసే వట్టి అక్షరాల ఫైలు, అంతే. నేనూ నమ్మి రెండు బిల్లులు అలాగే లాగించాను.

నోట్‌ప్యాడ్ అంటే వట్టి రాత రాసుకునేది, దానికి లెక్కలు రావు కదా. 6.5 లీటర్లు, రేటు 62, అంటే 403 అని మనమే క్యాలిక్యులేటర్ కొట్టి రాయాలి, తర్వాత లీటర్లు 5.5 అని దిద్దినా పక్కన 403 కదలకుండా కూర్చునే ఉంటుంది. అసలు దెబ్బ బామ్మర్ది ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు ఎక్సెల్‌తో తెరిచినప్పుడు తగిలింది. నేను అలవాటు కొద్దీ 1,250 అని కామా పెట్టి రాశాను, దానికేమో కామా వస్తే తర్వాతి గడి. రైతు పేరు ఎదురుగా 1 రూపాయి, పక్క గడిలో 250! బ్యాంకు ఖాతా నంబర్లకి ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి, 16 అంకెల ఖాతాకి చివరి అంకె సున్నా అయి కూర్చుంది (ఎక్సెల్ 15 అంకెల వరకే ఉంచుతుందని నాకప్పుడే తెలిసింది). తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలు. అది చాలదన్నట్టు మావాడు అదే ఫైలు మీద సేవ్ కొట్టేశాడు, ఇక పోయిన అంకెలు వెనక్కి రావు. బ్యాంకుకి పంపకముందే చూశాం కాబట్టి బతికిపోయాను గానీ, పాస్‌బుక్కులన్నీ తెప్పించుకుని మళ్లీ మొదటినుంచి కొట్టాల్సి వచ్చింది.

కాబట్టి షాపులోనే ఎక్సెల్ తెరిపించి, ఫైల్‌లోకి వెళ్లి అకౌంట్ నొక్కి చూడండి. మైక్రోసాఫ్ట్ 365 (చందా కడుతూ వాడుకునే ఆఫీస్) ట్రయల్ అని ఉంటే అది నెల ముచ్చటే. ఆఫీస్ హోమ్ 2024 లాంటిది ఒకేసారి కొన్నట్టు ఇస్తామంటే ఆ పేరు బిల్లు మీద రాయించుకోండి, నోటిమాట వద్దు.

నేనిప్పుడు వాడేది లిబ్రేఆఫీస్ కాల్క్, ఎక్సెల్ లాంటిదే, పైసా ఖర్చు లేదు. సీఎస్‌వీ తెరిచేటప్పుడే అన్నీ అడుగుతుంది, ఖాతా నంబర్ల వరసని టెక్స్ట్ అని, అక్షరాలకి యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగ్గా చదివే పద్ధతి) అని పెడితే సున్నాలూ పేర్లూ చెక్కుచెదరవు. డబ్బు మాత్రం 1250 అనే రాయండి, కామా పెట్టారో అక్కడా అదే కథ.

షాపుకి వెళ్లి నిలదీస్తే "ఉందా అని అడిగారు, ఎన్నాళ్లుంటుంది అని అడగలేదు కదా సార్" అన్నాడు. లైఫ్‌టైమ్ అన్నది మాత్రం గుర్తులేదట.