జీఆర్‌ఈ రీడింగ్ కాంప్రహెన్షన్: ఏడు నెలలు తప్పుల నోట్‌బుక్ రాశాక నా అనుభవం

విదేశాల్లో పీజీ సీటు కోసం జీఆర్‌ఈకి సిద్ధమవుతూ రాసిన మొదటి ప్రాక్టీస్ టెస్టులో, ఇంగ్లీషును పరీక్షించే వెర్బల్ భాగంలో నా స్కోరు 149. ఏడు నెలల తర్వాత అసలు పరీక్షలో 159 వచ్చింది. మధ్యలో కొన్నవీ, డౌన్‌లోడ్ చేసినవీ చాలానే ఉన్నాయి కానీ, చివరి రోజు దాకా నాతో ఉన్నది ఒక రూళ్ల నోట్‌బుక్. ఈ రివ్యూ దాని గురించే.

2023 సెప్టెంబర్‌లో పరీక్షను కుదించాక వెర్బల్‌లో 27 ప్రశ్నలే మిగిలాయి. మొదటి సెక్షన్‌లో 18 నిమిషాలకు 12, రెండో దాంట్లో 23 నిమిషాలకు 15. అందులో దాదాపు సగం రీడింగే. మొదటి సెక్షన్ ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండోది ఎంత కష్టంగా ఉంటుందో తేలుతుంది కాబట్టి, మొదట్లోనే రెండు పాసేజ్‌లు చేజారితే ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది.

మొదటి రెండు నెలలు నేను కోచింగ్‌లో చెప్పినట్టే చేశాను. ముందు ప్రశ్నలు చూడు, తర్వాత పాసేజ్ మీద కళ్లు పరిగెత్తించు, కీవర్డ్ పట్టుకో అన్నారు. స్కోరు అక్కడే ఆగిపోయింది, టెన్షన్ మాత్రం పెరిగింది. అప్పుడు ప్రాక్టీస్ తగ్గించి, తప్పు పోయిన ప్రతి ప్రశ్నకూ నాలుగు విషయాలు రాయడం మొదలుపెట్టాను: నేను ఏది పెట్టాను, ఎందుకు పెట్టాను, సరైన జవాబుకు ఆధారమైన వాక్యం ఏది, నా ఆప్షన్‌ను చెడగొట్టిన మాట ఏది.

అందులో రెండోది రాయడమే కష్టం. "కన్‌ఫ్యూజ్ అయ్యాను" అని రాసేసి పేజీ తిప్పేయాలనిపిస్తుంది, కానీ అలా రాసిన పేజీలు తర్వాత దేనికీ పనికిరాలేదు.

నోట్‌బుక్‌లో ఇప్పటికీ గుర్తున్న ఒక పేజీ చెప్తాను, వివరాలు నా మాటల్లో. పాసేజ్ చేపల రంగు మార్పు గురించి. నీటి వేడి వల్ల ఈ మార్పు కొంతవరకు రావచ్చని కొందరు పరిశోధకులు అంటారు. ఆ వెంటనే "హవెవర్" అంటూ, చల్లటి నీటిలో పెరిగిన చేపల్లో కూడా అదే రంగు కనిపించిందని ఇంకో వాక్యం. ఈ రెండో వాక్యం ఎందుకు ఉంది అని ప్రశ్న. మొదటి వాదన తప్పని నిరూపించడానికి అని పెట్టాను. అది తప్పు. పరిశోధకులు అన్నది "కొంతవరకు" అని. చల్లటి నీటిలో ఆ రంగు వచ్చినంత మాత్రాన ఆ మాట అబద్ధం కాదు, వేరే కారణం కూడా ఉండాలని తెలుస్తుంది, అంతే. "కొంతవరకు" అన్న మాటను నేను చదివాను, కానీ మనసులో ఉంచుకోలేదు. దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను.

అరవై తప్పులు రాసేసరికి నా జబ్బు ఏమిటో తెలిసిపోయింది. పాసేజ్‌లో "మే", "సమ్" అని ఉంటే నేను "ఆల్‌వేస్" ఉన్న ఆప్షన్ పెడుతున్నాను. రచయిత ఇతరుల అభిప్రాయం చెప్తుంటే దాన్ని రచయిత అభిప్రాయంగా తీసుకుంటున్నాను. పదాలు రాకపోవడం వల్ల పోయినవి నేను అనుకున్నదానికంటే చాలా తక్కువ. అప్పటి నుంచి పాసేజ్ అవగానే ఎవరు ఏమన్నారు, రచయిత ఎటువైపు అన్నది తెలుగులో ఒక్క వాక్యంగా మనసులో అనుకుని ఆ తర్వాతే ప్రశ్నకు వెళ్లేవాడిని. ఆ వాక్యం రాకపోతే పాసేజ్ అర్థం కానట్టే, అక్కడ పది సెకన్లు పోయినా పర్వాలేదు. పొడవాటి పాసేజ్ వస్తే మార్క్ చేసి చివరికి ఉంచేవాడిని.

ఇబ్బందులు లేవని అనను. పది ప్రశ్నలు చేయడానికి పావుగంట పడితే వాటి గురించి రాయడానికి గంటన్నర పట్టేది. నెల రోజుల్లో పరీక్ష ఉన్నవాళ్లకు ఇది కుదరదు. ఖాళీల్లో సరైన పదం పెట్టే టెక్స్ట్ కంప్లీషన్ ప్రశ్నలకు ఈ నోట్‌బుక్ ఏమీ చేయదు, దానికి పదాలు వేరే నేర్చుకోవాల్సిందే. మూడు ఆప్షన్లలో సరైనవన్నీ ఎంచుకోమనే ప్రశ్నల్లో నేను చివరి వరకూ తడబడ్డాను, ఒకటి వదిలేసినా అసలు మార్కే రాదు కదా.

ఇంకో మాట. బయట దొరికే పాసేజ్‌లతో ఈ పద్ధతి సరిగా పనిచేయలేదు, వాటిలో సరైన జవాబుకు ఆధారం చాలాసార్లు వదులుగా ఉంటుంది, దాంతో నాకు లేనిపోని వాదనలు అలవాటయ్యాయి. పరీక్ష నిర్వహించే ఈటీఎస్ వాళ్లు ఇచ్చిన ప్రశ్నలే వాడండి, అయిపోతే మూడు వారాలు ఆగి ఆప్షన్లు మూసేసి మళ్లీ చేయండి. వాళ్లే ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ ప్రాక్టీస్ టెస్టుల్లో ఒకటి మొదట్లోనే రాయండి. రెండోదాన్ని పరీక్షకు పది రోజుల ముందు వరకు తెరవకండి, నేను తొందరపడి నాలుగో నెలలోనే రాసేశాను, తర్వాత మళ్లీ రాస్తే జవాబులు గుర్తొచ్చి, వచ్చిన స్కోరును నమ్మాలో వద్దో తెలియలేదు.