క్రీక్ వ్యూ అన్నారు, బురద చూపించారు

నార్త్ కరొలైనాలోని విల్మింగ్టన్‌లో, క్రీక్ (సన్నటి నీటిపాయ) ఒడ్డున అద్దె గది. రెండు రాత్రులకు 765 డాలర్లు కట్టి, బాల్కనీ తలుపు తీస్తే ఎదురుగా బురద. ఫొటోల్లో మెట్ల దాకా నీలంగా నిండిన నీళ్లు ఉన్నాయి. మాకు కనబడింది గడ్డి దుబ్బులు, మధ్యలో నల్లటి మట్టి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. పడవలు కట్టే చెక్క రేవు పొడుగు కాళ్ల మీద ఒంటరిగా నిలబడి ఉంది.

“ఇదేనా నువ్వు ఇన్నేళ్లుగా చెప్తున్న క్రీక్?” అన్నాడు మా ఆయన. మా అమ్మాయి ముక్కు మూసుకుని లోపలికి వెళ్లి వైఫై పాస్‌వర్డ్ వెతుక్కుంది.

ఈ పిచ్చి ఈనాటిది కాదు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే హడావిడిలో, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష మీద నాన్నకు ఉద్యోగం దొరికి, 1998లో హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ ఎడిసన్‌లో దిగాం. నాకు పద్నాలుగేళ్లు. స్కూల్లో ఎవరు ఏమన్నా సగమే అర్థమయ్యేది. బుధవారం రాత్రి ఎనిమిదికి పదకొండో చానెల్లో ‘డాసన్స్ క్రీక్’ అనే టీనేజ్ సీరియల్ వచ్చేది. అందులో పదిహేనేళ్ల పిల్లలు లాయర్లలా మాట్లాడతారు. ఒళ్లో డిక్షనరీ పెట్టుకుని చూసేదాన్ని. అమ్మాయికి ఇంగ్లీషు వస్తోందని నాన్న ఊరుకున్నారు, ముద్దు సీన్ వస్తే మాత్రం రిమోట్ ఆయన చేతిలోకి వెళ్లేది. అందులో జోయీ అనే అమ్మాయి పడవ వేసుకుని వచ్చి, నిచ్చెనెక్కి కిటికీలోంచి హీరో డాసన్ గదిలోకి దూరినప్పుడల్లా అమ్మది ఒకటే ప్రశ్న: “వీళ్లింటికి తలుపు లేదా?” 2003 మేలో ఆఖరి ఎపిసోడ్ వచ్చేసరికి నేను కాలేజీలో ఉన్నాను. మొత్తం 128 ఎపిసోడ్లు, ఒక్కటీ వదల్లేదు. (జోయీకి డాసనా, అతని స్నేహితుడు పేసీయా అంటే, నేను పేసీ పార్టీ. మొదటి నుంచీ.)

కథ జరిగేది మసాచుసెట్స్‌లో, కేప్‌సైడ్ అనే లేని ఊళ్లో. షూటింగ్ చాలావరకు ఈ విల్మింగ్టన్‌లోనే. ఇదే రాష్ట్రంలో మేముండే కేరీ నుంచి ఐ-40 హైవే మీద రెండు గంటలు. పదకొండేళ్లుగా ఇంత దగ్గర ఉండి కూడా వెళ్లలేదు. మొన్న మే చివర్లో మెమోరియల్ డే సెలవులకి అత్తయ్య కూడా ఉన్నారని బయల్దేరాం.

ఓనరుకి మెసేజ్ పెట్టాను. నలభై నిమిషాలకు జవాబు: ఇది సముద్రపు నీరు వచ్చిపోయే క్రీక్, ఆటు సమయంలో ఇలాగే ఉంటుంది, ప్రకృతి కదా, చివర ఒక నవ్వు బొమ్మ. ప్రకృతి సరే, మరి పెట్టిన పన్నెండు ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ప్రకృతి ఖాళీగా లేదేం? రెండు కయాక్‌లు (తెడ్డేసుకునే చిన్న పడవలు) ఉచితం అని కూడా రాశారు. ఒకదానికి అడుగున వేలు పట్టేంత చీలిక. రెండూ కలిపి తెడ్డు ఒకటే. కాఫీ పొడి ఒక్క పూటకి సరిపడా. క్లీనింగ్ ఫీజు 125 డాలర్లు తీసుకుని, వెళ్లేముందు దుప్పట్లు మమ్మల్నే వాషర్‌లో వేయమని ఫ్రిజ్ మీద కాగితం అంటించారు. అది చదివి మా ఆయన చాలాసేపు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే బుక్ చేసింది నేను.

అత్తయ్య మాత్రం కుర్చీ లాక్కుని బాల్కనీలో కూర్చున్నారు. “ఉప్పుటేరే కదమ్మా ఇది. మావైపు పుట్టినదానికి దీన్ని చూస్తే భయమేంటి? పోటు రానీ.” ఆవిడది మొగల్తూరు. బురదలో పీతల్ని చూపించి మనవరాల్ని పిలిచారు. ఒక డెక్క చిన్నది, ఇంకోటి ఒంటికంటే పెద్దది, దాన్ని ఊపుకుంటూ తిరుగుతున్నాయి. పిల్ల వైఫై మానేసి వచ్చింది.

రాత్రి భోజనానికి నది ఒడ్డున ఒక సీఫుడ్ హోటల్. కాలబాష్ స్టైల్, అంటే పిండిలో పల్చగా ముంచి వేయించిన రొయ్యలు, ప్లేటు 21 డాలర్లు. అత్తయ్య ఒక రొయ్యను గోటితో విప్పి, పిండి ఎంత, రొయ్య ఎంత అని విడివిడిగా పెట్టి చూశారు. “పర్లేదు, పల్చగానే ముంచాడు” అన్నారు. భీమవరం చెరువుల పక్కనుంచి వచ్చిన మనిషి రొయ్య విషయంలో ‘పర్లేదు’ అనడమంటే మామూలు సంగతి కాదు. పక్కన పెట్టే హష్ పప్పీలు మొక్కజొన్న పిండి పునుగులే. ఒక పచ్చిమిర్చి తగిలిస్తే బ్రహ్మాండంగా ఉండేవి. రెండోసారి తెప్పించుకున్నాం, 5 డాలర్లు.

శనివారం పొద్దున్నే తొమ్మిదికి, సీరియల్ షూటింగ్ జరిగిన చోట్లు చూపిస్తామన్న నడక టూరు. మనిషికి 30 డాలర్లు, గంటన్నర. అందులో గంటకు పైగా ఇదే ఊళ్లో తీసిన, 2003 నుంచి 2012 దాకా టీవీలో వచ్చిన ఇంకో టీనేజ్ సీరియల్, ‘వన్ ట్రీ హిల్’ గురించే. వచ్చిన పదిమందిలో తొమ్మిదిమంది దానికోసమే వచ్చారు, గైడ్‌ని మాత్రం ఏమంటాం! నా వాటాకు వచ్చింది ఒక వీధి మూల. టూరుకి నేనొక్కదాన్నే వెళ్లాను కాబట్టి ముప్ఫైతో పోయింది. మీరు ఆ డబ్బు పెట్టకండి. ఈ ఊరి యూనివర్సిటీలోని ఆల్డర్మన్ హాల్‌కి నేరుగా వెళ్లండి, సీరియల్లో కేప్‌సైడ్ హైస్కూల్‌గా చూపించింది దాన్నే. ఎర్ర ఇటుకలు, తెల్ల స్తంభాలు, ఖర్చు సున్నా. డాసన్ ఇల్లు వేరేవాళ్ల సొంతిల్లు, అటు పోవద్దు. మా అమ్మాయికి నచ్చింది కీటకాలు తినే మొక్కల తోట. వీనస్ ఫ్లైట్రాప్ సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కలే. ఆ తోట కూడా ఉచితమే.

పదకొండు దాటాక గదికి వచ్చేసరికి అత్తయ్య బాల్కనీలోంచి చెయ్యి ఊపుతున్నారు. బురద లేదు. గడ్డి నడుం దాకా మునిగింది, రేవు అంచుకి ఒక జానెడు కింద నీళ్లు. వాసన కూడా పోయింది. చీలిక లేని కయాక్, ఉన్న ఒక్క తెడ్డు తీసుకుని నేనే దిగాను. మలుపు దాకా వెళ్లాను, ఒక కొంగ తప్ప ఎవరూ లేరు. ఆ సీరియల్ టైటిల్ పాట గట్టిగా పాడుకున్నాను. హక్కుల గొడవతో ఓటీటీలో చాలాకాలం వేరే పాట పెట్టి మమ్మల్ని ఏడిపించారు, ఆ కసి కూడా తీరింది.

తిరిగొచ్చి రేవు నిచ్చెన ఎక్కుతుంటే మెట్టుకి పట్టిన ఆల్చిప్ప కోసి అరికాల్లో రక్తం. జోయీకి ఒక్కసారి కూడా అలా కాలేదు.

“తలుపులోంచి రావచ్చుగా” అన్నాడు మా ఆయన, బ్యాండ్ ఎయిడ్ ఇస్తూ. అమ్మకు ఫోన్ చేసి చెప్తే పడీపడీ నవ్వింది.

ఇలాంటి చోట గది బుక్ చేసేముందు ఆటుపోట్ల టైమింగ్స్ చూసుకోండి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పోటు మధ్యాహ్నానికి అటూ ఇటూ పడే రోజులు ఎంచుకోండి. కయాక్ చీలిక ఫొటోలు పంపితే, నాలుగు మెయిల్స్ తర్వాత 48 డాలర్లు వెనక్కి వచ్చాయి. దుప్పట్ల సంగతి మీద ఐదో మెయిల్ పెట్టాను, ఇంకా జవాబు లేదు.