అంగన్‌వాడీ భోజనం: వంటకు నాలుగు స్టార్లు, టైముకు ఒకటే

హోటల్ బిర్యానీకి రివ్యూ రాసేవాళ్లు బోలెడుమంది, దీనికి ఒక్కరూ రాయరు, అందుకే ఇది. దేవరకొండ దగ్గర మా ఊరి అంగన్‌వాడీలో గర్భిణులకు తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకం కింద పెట్టే ఒక్క పూట భోజనం. మా తమ్ముడి భార్యకు ఆరో నెల, రోజూ తనే పోయి తినొస్తుంది.

అన్నం, పప్పు, ఆకుకూర, కోడిగుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. తోటకూర పప్పు మెత్తగా ఉడుకుతుంది, ఎల్లిగడ్డ తాలింపు వాసన గేటు దాకా వస్తుంది. సాంబారు రోజు మాత్రం ముక్కలు వెతుక్కోవాల్సిందే. గుడ్డు అక్కడే తినాలి, ఇంటికివ్వరు. మా అమ్మకు ఇది నచ్చలేదు, "ఇంటికిస్తే ఏం పోతది?" అంటుంది. ఇంటికొస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలో పడుతుందో అందరికీ తెలుసు కదా, ఈ విషయంలో నేను టీచరమ్మ వైపే.

ఒక్క పూటతో ఏమైతది అనేవాళ్లకు ఒక మాట. 1987–90లో హైదరాబాద్ చుట్టుపక్కల 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు ఈ ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం) తిండే అదనంగా పెట్టారు, ఇంకో 14 ఊళ్లకు అప్పటికి అది రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక పరీక్షిస్తే, తిండి అందిన ఊళ్లవాళ్లలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు కూడా అంతగా బిరుసెక్కలేదు. బీపీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పుట్టాక పిల్లలూ తిన్నారు కాబట్టి క్రెడిటంతా కడుపులో ఉన్నప్పటి తిండికే ఇవ్వలేం. కానీ ఇంగ్లండ్‌లో డాక్టర్ డేవిడ్ బార్కర్ పరిశోధన బృందం 1989లోనే తక్కువ బరువుతో పుట్టి, ఏడాది నిండేసరికి కూడా బరువు తక్కువే ఉన్న మగవాళ్లు గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని చూపించింది. తల్లికి తిండి చాలకపోతే లోపలి బిడ్డ ముందు మెదడును కాపాడుకుంటుంది, కోత పడేది ఇన్సులిన్ తయారుచేసే క్లోమానికి, కిడ్నీలకు, కండకు అని వాళ్ల వివరణ. అలా పుట్టినవాళ్లు పెద్దయ్యి, కడుపునిండా తిని కుర్చీలో కూర్చునే ఉద్యోగం చేస్తే షుగరు, బీపీ తొందరగా పట్టుకునే ముప్పు ఎక్కువ.

ఇక అసలు కోపం టైము మీద. మధ్యాహ్నం పన్నెండు దాటాక పెడతారు. పత్తి ఏరే రోజుల్లో చేలో ఉన్న మనిషి కూలి వదులుకుని ఊళ్లోకి నడిచొస్తుందా? తిండి ఎక్కువ అవసరమున్న వాళ్లే రాలేకపోతున్నారు. పొద్దున పనికి పోయే ముందే గుడ్డూ పాలూ అక్కడే తినిపించి పంపితే చాలు, ఇంకో రెండు స్టార్లు ఇప్పుడే ఇచ్చేస్తా.