కోలా, హౌలర్ కోతి: ఆకు తిని బతకడంలో ఏది మేలు?

చెట్టు దిగకుండా ఆకులు తిని బతకడం చూడటానికి హాయిగా కనిపించినా, నిజానికి అది కష్టమైన బతుకే. ఆకులో పీచు ఎక్కువ, బలం తక్కువ, పైగా చాలా ఆకుల్లో విషం ఉంటుంది. ఈ చిక్కును ఆస్ట్రేలియాలోని కోలా కడుపుతోనూ, మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని హౌలర్ కోతి ప్రధానంగా కంటితోనూ దాటాయని చెప్పవచ్చు.

కోలా ఆహారం దాదాపుగా యూకలిప్టస్ ఆకులే. చాలా జంతువులు ముట్టని ఆ ఆకును అది ముందు వాసన చూసి మరీ నోట పెట్టుకుంటుంది. అందులోని విషాన్ని కాలేయం విరిచేస్తే, పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండి, సుమారు 2 మీటర్ల పొడవు సాగే అంధనాళంలోని సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. ఇంత చేసినా దక్కే శక్తి అంతంతమాత్రమే కాబట్టి, రోజులో 18 నుంచి 20 గంటలు కొమ్మ పంగలో నిద్రపోతుంది. సుమారు 35 రోజులకే పుట్టే పిల్ల ఒక గ్రాము కూడా తూగదు. తల్లి పొట్టకు ఉండే సంచిలో ఆరు నెలలు పాలు తాగాక, అది తల్లి విసర్జించే మెత్తని పదార్థాన్ని తింటుంది. వినడానికి రోతగా ఉన్నా, ఆకును అరిగించే సూక్ష్మజీవులు పిల్ల కడుపులోకి చేరేది ఆ దారినే.

హౌలర్ కోతికి అలాంటి అసాధారణమైన కడుపు లేదు, ఏరుకుని తినే నేర్పు ఉంది. అమెరికా ఖండపు కోతుల్లో అరుదుగా, వీటిలో ఆడామగా రెండూ ఎరుపు, ఆకుపచ్చల తేడాను గుర్తించగలవు. ఎర్రగా తొడిగిన లేత చిగుళ్లను, పండిన పండ్లను ఎంచుకోవడానికి ఈ చూపు పనికొస్తుంది. తోకను కొమ్మకు చుట్టి వేలాడుతూ చేతులతో చిగుళ్లను లాక్కుంటుంది, తోక చివర అడుగున వెంట్రుకలు లేని చర్మం పట్టు జారనివ్వదు. దీనికీ రోజులో ఎక్కువ భాగం విశ్రాంతే. అందుకేనేమో, పక్క గుంపుతో తగవును ఒంటి బలంతో కాక, గొంతులోని పెద్ద ఎముక గుల్ల సాయంతో కిలోమీటర్ల దూరం వినిపించే అరుపుతోనే తేల్చుకోవాలని చూస్తుంది.

నా మొగ్గు హౌలర్ కోతి వైపే. ఒక చెట్టు చిగురు ముదిరితే అది మరో జాతి చెట్టుకు మారగలదు; కోలాకు యూకలిప్టస్ పోతే మరో దారి లేదు. అడవుల నరికివేత, కార్చిచ్చు, కరవు, క్లమీడియా వ్యాధి కలిసి వచ్చి, 2022లో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతాల కోలాలను అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చవలసి వచ్చింది. అయితే ఆహారంలోని ఈ వెసులుబాటు రోగాల నుంచి కాపాడదు: 2016–17లో ఆగ్నేయ బ్రెజిల్‌లో ఎల్లో ఫీవర్ ప్రబలినప్పుడు వేలాది కోతులు చనిపోగా, వాటిలో ఎక్కువ హౌలర్లే.